టీచరమ్మ వేయించిన కుర్చీలు

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గల్లీ చివరి దాకా వెళ్లాను. తిరిగి ఇంటికి వచ్చేలోపు ఒకే కబురు నలుగురి నోట విన్నాను. మొదట ఇస్త్రీ బండి దగ్గర నిప్పులు రాజేస్తున్నతను తలెత్తి, "టీచరమ్మ పోయిందట అక్కా. ఇప్పుడే దవాఖాన నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. కాస్త ముందుకు పోయానో లేదో కిరాణా దుకాణం ఆయన షటర్ ఎత్తుతూ అదే మాట చెప్పాడు. ఆ తర్వాత పూలమ్మే ఆమె. ఆ తర్వాత మా ఎదురింటి వాళ్లు. ప్రతివాళ్లూ నాకు తెలియదనుకునే చెప్పారు. తెలిసింది అనడానికి నాకు నోరు రాలేదు. ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే నిలబడి విన్నాను. ఇంటి గడప ఎక్కేసరికి, ఊరంతా తిరిగి వచ్చినట్టు కాళ్లు పీకుతున్నాయి.

మా గల్లీలో సుఖమూ అదే, కష్టమూ అదే. సూర్యాపేటలో పెద్ద బజారుకు సరిగ్గా వెనక ఉంటాం మేము. కూరగాయల మార్కెట్టు, మందుల దుకాణం, బ్యాంకు, దవాఖాన, గుడి, చర్చి, బస్టాండు, దేనికీ బండి తీయక్కర్లేదు. చెప్పులేసుకుంటే చాలు. కానీ అవన్నీ మనకు దగ్గరైనట్టే మనమూ అందరికీ దగ్గరే కదా. తుమ్మితే మూడో ఇంటివాళ్లు జలుబా అని అడుగుతారు. పెళ్లిళ్ల సీజన్ వస్తే బ్యాండు మన మంచం కింద మోగుతున్నట్టే ఉంటుంది. ఎవరో వచ్చి మన గేటుకు అడ్డంగా బండి పెట్టి పోతాడు. అతను బజారంతా తిరిగి, చాయ్ తాగి, ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చేదాకా మనం లోపలే ఉండాలి. ఇన్నేళ్లుగా ఉంటున్నా నాకు ఈ గల్లీ మీద ప్రేమ ఎక్కువో విసుగు ఎక్కువో ఇంకా తేల్చుకోలేకపోయాను. మా పక్కింటి టీచరమ్మకు మాత్రం ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు.

ఆమెది కోదాడ వైపు. ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చింది. మా గల్లీని ఆనుకుని ఉన్న ప్రైమరీ బడిలోనే పాఠాలు చెప్పి, అక్కడే రిటైరై, అదే ఇంట్లో ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం గల్లీలో ఎవరికీ లేదు. సగం మంది మగవాళ్లు చిన్నప్పుడు ఆమె చేతి దెబ్బలు తిన్నవాళ్లే. మీసాలు నెరిసినవాళ్లు కూడా ఆమె ఎదురొస్తే బండి దిగి, ఆమె దాటిపోయేదాకా నెట్టుకుంటూ నడిచేవాళ్లు.

ఆమె ఆటో ఎక్కగా నేను చూడలేదు. గల్లీ మొదట్లో నిలబడే ఆటోలవాళ్లు ఆమెను చూసి బేరం అడగడం కూడా మానేశారు. ఎండైనా వానైనా ఒక నల్ల గొడుగు, చేతిలో గుడ్డ సంచి. కూరగాయలు ఏ రోజువి ఆ రోజే. రెండు వంకాయలు, ఒక టమాటా, గుప్పెడు పచ్చిమిర్చి. "ఫ్రిజ్ ఉన్నది గద టీచరమ్మా, వారానికి ఒక్కసారి తెచ్చుకుంటే అయిపోతది గద" అన్నాను ఒకసారి. "వారం పని ఒక్కరోజే చేసేస్తే, మిగతా రోజులు మీ ఇళ్ల ముందు నుంచి ఎందుకు వెళ్తానమ్మాయ్?" అంది.

బయల్దేరే ముందు ప్రతి గడప దగ్గరా ఆగి, "బజారుకెళ్తున్నా, ఏమైనా కావాలా?" అని కేకేసేది. కావాలన్నవాళ్లకు తెచ్చిపెట్టేది కూడా. కాకపోతే వాళ్లు చెప్పింది కాదు, తనకు నచ్చింది. నేను చిక్కుడుకాయలు చెబితే, "బాగాలేవు, ముదిరిపోయాయి" అని బెండకాయలు తెచ్చేది. ఇక ఆ రోజు మా ఇంట్లో బెండకాయే. ఆమె గురించి రాయాలని కూర్చుంటే ముందు ఇలాంటి చిన్న చిన్న చికాకులే గుర్తొస్తున్నాయి. అసలు చెప్పాల్సింది కుర్చీల సంగతి.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా చేసేవాడు. పొద్దున ఇంటి నుంచి బస్టాండుకు నడిచి వెళ్లి బస్సెక్కేవాడు. సాయంత్రం దిగి, బజారు మూల మీది హోటల్లో చాయ్ తాగి, నలుగురితో మిల్లు ముచ్చట్లు చెప్పి, చొక్కా నిండా తవుడు వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆ చాయ్ తాగకుండా ఇంటికి వచ్చిన రోజు లేదు. అలాంటి మనిషి ఒకరోజు మిల్లులోనే పడిపోయాడు. పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి కొంచెం పక్కకు పోయింది. ప్రాణం దక్కింది. మాట కొంత తిరిగి వచ్చింది.

"నడిపించాలమ్మా, రోజూ నడిపించాలి. కూర్చోబెడితే అట్లనే కూర్చుండిపోతడు" అన్నాడు డాక్టరు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు గానీ గడప దాటేవాడు కాదు. సిగ్గు. బయటకు వస్తే చాలు, గల్లీలో ప్రతివాళ్లూ ఆగి, "ఎట్లున్నవే అన్నా, జర నయమా?" అంటారు. ప్రేమతోనే అంటారు. పక్కకు పోయిన మూతితో అంతమందికి జవాబు చెప్పడమంటే ఆయనకు చచ్చినంత పని. "నన్ను సూసి అయ్యో పాపం అంటరు. నేను రాను. ఇగ నన్ను అడగకు" అన్నాడు. అంతే, ఖతం.

నెలలు గడిచాయి. ఆయన స్నానం, ఆయన తిండి, ఆయన మందులు, వాటి మధ్యలో చీరలకు ఫాల్ కుట్టే నా పని. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి పోతుండేది, దాని ఉద్యోగం దానిది. ఎంత అలసట అంటే, మిషన్ మీద చీర పరిచి దాని మీదే తల వాల్చి నిద్రపోయేదాన్ని. లేచేసరికి చెంప మీద జరీ అచ్చు ఉండేది. ఆయన ఇక లేవడని నాలో నేను అనుకోవడం మొదలుపెట్టాను. బయటకు మాత్రం అనలేదు.

అప్పుడు వచ్చింది టీచరమ్మ. ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడనలేదు. మంచం పక్కన నిలబడి, "తమ్ముడూ, నాకు కళ్లు సరిగా ఆనడం లేదు. నిన్న మార్కెట్ మలుపులో గుంతలో కాలు పెట్టబోయాను. రేపటి నుంచి బజారుకు నువ్వు నాకు తోడు రావాలి" అంది.

ఆయన బిత్తరపోయాడు. "నేనా టీచరమ్మా? నన్నే ఒకలు పట్టుకోవాలె."

"అయితే ఒకళ్లనొకళ్లం పట్టుకుందాం. పొద్దున సిద్ధంగా ఉండు."

అంతకు ముందు రోజే నా సూదిలో దారం ఆమే ఎక్కించి ఇచ్చింది, అద్దాలు కూడా పెట్టుకోకుండా. నేను నోరు తెరవబోతే నా వైపు ఒకసారి చూసింది. నేను చిన్నప్పుడు బడిలో ఆమె దగ్గర చదువుకోలేదు గానీ, చదువుకున్నవాళ్లకు ఎలా ఉండేదో ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఆయన చొక్కా తొడగమని అడిగాడు. తన గురించి ఎంత బతిమాలినా కదలని మనిషి, ఆమె గుంతలో పడుతుందేమోనని కదిలాడు. ఎడమ చేతికి ఆమె చెయ్యి, కుడి పక్కన నేను. ఎవరైనా "ఎట్లున్నవన్నా" అనబోతే, "మాకు తీరిక లేదు, బజారుకెళ్తున్నాం" అని ఆయన బదులు ఆమే జవాబిచ్చేది. అడిగినవాడు పక్కకు జరిగేవాడు. అది మా ఆయనకు ఎంత నచ్చిందో నాకు ఆయన భుజంలోనే తెలిసింది.

కానీ ఇస్త్రీ బండి దగ్గరకు చేరేసరికి మోకాలు వణికింది. మోరీ కాల్వ మీద కప్పిన బండ మీద కూర్చోబెట్టాం. ఆ బండ మరీ కిందికి ఉంది. కూర్చున్నాడు గానీ లేవలేకపోయాడు. ఇద్దరు వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపాల్సి వచ్చింది. పూలమ్మే ఆమె "అయ్యో" అంది. ఆ అయ్యో ఆయన విన్నాడు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అయిపోయింది, ఇగ రాను" అన్నాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది. "రేపు పొద్దున్నే ఒక కుర్చీ బయట వెయ్యండి" అని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. కారణాలు చెప్పే అలవాటు ఆమెకు బడిలోనూ లేదంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. టీచరమ్మ క్రిస్టియన్. అప్పుడప్పుడు తన ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టేది. అప్పుడు కుర్చీలు చాలకపోతే గల్లీలో అడిగేది. హిందువులమైనా, ముస్లింలమైనా అందరం పంపేవాళ్లం. కూడిక అయ్యాక తలా ఒక కేకు ముక్క కూడా దొరికేది. అందుకని టీచరమ్మ కుర్చీ అడిగిందంటే మా గల్లీకి ఒకటే అర్థం.

మర్నాడు పొద్దున గేటు తీసేసరికి ఆమె ఇంటి ముందు కుర్చీల గుట్ట. ఎర్ర ప్లాస్టిక్‌వి, నీలం ప్లాస్టిక్‌వి, కిరాణా దుకాణం ఇనప మడత కుర్చీ, టైలర్ గారి స్టూలు. హోటల్ నుంచి ఒక పొడుగాటి బల్లే మోసుకొచ్చారు. ఇస్త్రీ అతను ఆమె ఇంటి ముందంతా ఊడ్చి నీళ్లు చల్లాడు కూడా. అందరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గొడుగు, సంచి పట్టుకుని ఆమె బయటకు రాగానే కిరాణా ఆయన వినయంగా అడిగాడు. "పాస్టర్ గారు ఎప్పుడొస్తరు టీచరమ్మా?"

ఆమె ఆ గుట్టను చూసింది. ఆయనను చూసింది.

"నా ఇంటి ముందు కాదురా! మీ మీ ఇళ్ల ముందు వెయ్యమన్నాను! తమ్ముడు నడిచే దారిలో! చెప్పింది చెప్పినట్టు ఎప్పుడైనా విన్నావురా నువ్వు? మూడో తరగతిలోనూ ఇంతే!"

నెరిసిన మీసాలు, బట్టతలలు, ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు, తలా ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని, బడి గంట కొట్టినట్టు ఎవరింటి వైపు వాళ్లు పరుగు. లోపల కిటికీ పక్క మంచం మీద నుంచి ఇదంతా చూస్తున్న మా ఆయన నవ్వాడు. పడిపోయిన నాటి నుంచి అదే మొదటిసారి నవ్వడం. సగం మూతితో నవ్వు, కానీ నిండా నవ్వు. నేను వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను.

అలా మొదలైంది. మా గేటు దాటగానే టీచరమ్మ ఇంటి ముందు ఆమె చెక్క కుర్చీ. దానికి చేతులుండేవి, లేవడానికి పట్టు దొరికేది. తర్వాత ఇస్త్రీ బండి దగ్గర ఒకటి, కిరాణా ముందు ఒకటి, టైలర్ దగ్గర, మందుల దుకాణం దగ్గర. చివరికి బజారు మూల మీది హోటలు. ఆయన కుర్చీ నుంచి కుర్చీకి నడిచేవాడు. కూర్చున్న ప్రతిచోటా పనేదో ఒకటి ఉండేటట్టు చూసేది ఆమె. ఇక్కడ చొక్కా ఇచ్చి పో, ఇక్కడ చక్కెర చెప్పి పో, ఇక్కడ మాత్రలు అడుగు. జవాబు చెప్పడానికి సిగ్గుపడే మనిషి అడగడానికి సిగ్గుపడలేదు. ఆ తేడా నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

హోటలు దాకా నడిచిన రోజు నాకు బాగా గుర్తు. ఆమె బయట చాయ్ తాగదు, గ్లాసులు సరిగా కడగరని. ఆ రోజు మాత్రం మగవాళ్ల మధ్య బల్ల మీద కూర్చుని, "మూడు చాయ్, చక్కెర తక్కువ" అంది. మా ఆయన ఎడమ చేత్తో గ్లాసు ఎత్తాడు. కొంత చొక్కా మీద పడింది. ఆమె అటు చూడలేదు. గ్లాసు ఖాళీ చేసి, "పాలు పల్చన" అని తీర్పు చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆ హోటల్లో పాలు చిక్కబడ్డాయని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

కొన్నాళ్లకు ఆ కుర్చీలు ఊరందరివీ అయ్యాయి. దవాఖానకు పోయే నెలలు నిండిన ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. సంచులు మోసుకుంటూ బస్టాండుకు పోయేవాళ్లు కూర్చునేవాళ్లు. ఒకరోజు ఒకాయన ఆమె కుర్చీ పక్కకు జరిపి ఆ చోట బండి పెట్టబోయాడు. ఆమె పోయి ఆ బండి సీటు మీద పక్కకు కూర్చుంది, గొడుగు తెరిచి మరీ. "నా కుర్చీ తీసేశావు కదయ్యా, ఇక ఇదే నా కుర్చీ" అంది. అతను బండి బజారు అవతల పెట్టుకున్నాడు.

అయినా నాకు విసుగు పోలేదు. మా మరిది బైపాస్ రోడ్డు పక్కన వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పై పోర్షన్ ఖాళీ. "వదినా, ఆ ఇరుకుల ఇంకెన్ని రోజులు పరేషాన్ అయితరు? గీడ గాలి, వెలుతురు. రోడ్డు సూడు ఎంత వెడల్పో, అన్న హాయిగ నడుస్తడు" అన్నాడు. కొన్నాళ్లు పోయి ఉన్నాం. నిజంగానే వెడల్పు రోడ్డు, నిజంగానే గాలి. నేను కడుపు నిండా నిద్రపోయాను. ఆయన మాత్రం ఒక్కరోజు మెట్లు దిగలేదు. "గంత మంచి రోడ్డున్నది, జర నడువు" అంటే, "ఏడికి పోవాలె?" అన్నాడు. నేను బాల్కనీలో నిలబడి చూశాను. కొత్త రోడ్డు, రెండు పక్కలా ఖాళీ ప్లాట్లు, ఎండ. ఒక ఉల్లిగడ్డ కావాలన్నా బండి తీయాలి. తిరిగి వచ్చాం.

టీచరమ్మకు చెబితే, "నడవడానికి కాళ్లొక్కటే చాలవమ్మాయ్, వెళ్లే చోటు ఉండాలి" అంది. అని, నేను లేని రోజుల్లో మా గేటు ముందు బండ్లు పెట్టినవాళ్ల పేర్లన్నీ అప్పజెప్పింది.

జ్వరం వచ్చినప్పుడు కూడా ఆమె నాకు చెప్పలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయి వచ్చింది. సోమవారం బజారు కేక వినబడకపోతే నేనే పోయి చూశాను. ఒళ్లు కాలిపోతోంది. ఆటో పిలుస్తానంటే కోప్పడింది. "నాలుగు కుర్చీల దూరానికి ఆటో ఏంటి?" అంది. గొడుగు పట్టుకుని తానే బయల్దేరింది. తన కుర్చీ దగ్గర ఆగి కూర్చుంది. ఇస్త్రీ బండి దగ్గర కూర్చుంది. కిరాణా ముందు కూర్చుంది. ఆ కుర్చీలను వేయించిన మనిషి, ఎవరినో కూర్చోబెట్టడమే గానీ తాను అలిసిపోయి కూర్చోగా నేను చూడలేదు. టైలర్ దగ్గరి స్టూలు మీద చాలాసేపు ఉండిపోయింది. చెక్క మీద చేత్తో రాసి, "బాగానే వేయించాను" అంది. దవాఖాన మెట్లు నా భుజం పట్టుకుని ఎక్కింది. ఆ చేతి బరువు ఇంకా నా భుజం మీదే ఉంది. మూడో రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం పోతుంటే కబురు విన్నాను.

కోదాడ నుంచి ఆమె అన్న కొడుకు వచ్చాడు. ఇంటి నుంచి చర్చి దాకా ఆమెను గల్లీవాళ్లే మోశారు, ఆమె చేత దెబ్బలు తిన్నవాళ్లు. మా ఆయన బయటకు రాలేదు. కిటికీకి వీపు తిప్పుకుని కూర్చున్నాడు. నాకు కోపం వచ్చింది. నిజంగా, ఒళ్లు మండేంత కోపం. "ఆమె నీ కోసం గల్లీ అంత తిరిగింది. నువ్వు గేటు దాకా కూడ రావా?" అని అరిచాను.

ఆయన ఇటు తిరగకుండానే అన్నాడు. "నేను ఎవలి తోడు పోవాలె?"

ఆ తర్వాత రోజూ అదే. చొక్కా తొడుగుతానంటే వద్దు. చాయ్ తాగుదాం పదా అంటే వద్దు. నడిచేవాడు లేకపోయేసరికి గల్లీలో కుర్చీలు కూడా మెల్లగా లోపలికి పోయాయి. ఎవరి తప్పూ కాదు. వాన పడిందని ఒకరు, రంగు పోతుందని ఒకరు. ఖాళీ అయిన చోట్ల బండ్లు వచ్చి నిలబడ్డాయి. ఆమె అన్న కొడుకు సామాను వ్యాన్‌లో వేసుకుని పోయాడు. అందులో ఆ చెక్క కుర్చీ కూడా పోయింది. అడిగితే ఇచ్చేవాడేమో. అడిగే ఓపిక నాకు లేకపోయింది. ఆయన కాలు మళ్లీ బిగుసుకుపోతున్నట్టు నూనె రాసేటప్పుడు నా చేతికి తెలుస్తోంది. మరిది మళ్లీ ఫోన్ చేశాడు. "ఇగ ఏమున్నది వదినా గాడ?" అన్నాడు. సరే, వచ్చే నెలలో వస్తామని చెప్పాను. ఎటూ నడవని మనిషికి ఏ రోడ్డయితే ఏంటి? కనీసం నాకు నిద్రయినా పడుతుంది అనుకున్నాను.

ఇంతలో ఆమె అన్న కొడుకు ఆదరణ కూడిక పెట్టడానికి వచ్చాడు. చనిపోయినవాళ్ల ఇంట్లో కొన్నాళ్లకు చర్చివాళ్లు కూడి ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్లకు ఓదార్పుగా. ఇంట్లో సామాను లేదు. టెంట్ హౌస్ నుంచి తెప్పిస్తానని అతనంటే, కిరాణా ఆయన ఒప్పుకోలేదు. "టీచరమ్మ ఇంటికి కిరాయి కుర్చీలా? మేం సచ్చిపోయినమా?" అన్నాడు.

ఆ పొద్దున మళ్లీ ఆమె గేటు ముందు అవే ఎర్రవి, నీలివి, అదే మడత కుర్చీ, అదే స్టూలు, అదే పొడుగాటి బల్ల. ఇస్త్రీ అతను ఊడ్చి నీళ్లు చల్లాడు. ఈసారి వాళ్లు తప్పు చేయలేదు. వేయాల్సిన చోటే వేశారు. కిరాణా ఆయన తన కుర్చీ విప్పుతూ, "ఇయ్యాల తిట్టేటామె లేదు" అని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

నేను మా కుర్చీ కూడా ఇద్దామని లోపలికి వచ్చాను. మా ఆయన మంచం మీద లేడు. మా నీలం కుర్చీని ఎడమ చేత్తో పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. తానే పెట్టుకున్నాడు. నేను కుర్చీ అందుకోబోతే, "ఒద్దు" అన్నాడు. ఒక అడుగు వేయడం, ఆగడం, కుర్చీని ముందుకు నెట్టడం, దాని మీద బరువు ఆనించి మళ్లీ అడుగు. గల్లీ మొత్తం చూస్తోంది. ఎవరూ ఎట్లున్నవని అడగలేదు. ఎవరూ అయ్యో అనలేదు. ఆమె నేర్పిన మర్యాద అది. ఆమె చెక్క కుర్చీ ఉండే చోటికి పోయి, దాన్ని అక్కడ వేసి, సరిగ్గా గేటుకు పక్కగా తిప్పి పెట్టాడు. కూడిక అయ్యేదాకా దాంట్లోనే కూర్చున్నాడు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆయన ఎడమ చెయ్యి గేటు చువ్వ పట్టుకునే ఉంది.

సాయంత్రం అందరూ ఎవరి కుర్చీ వాళ్లు తీసుకుపోయారు. లోపల మాత్రం పెట్టుకోలేదు. పొద్దున చూస్తే ఇస్త్రీ బండి దగ్గర కుర్చీ ఉంది, కిరాణా ముందు ఉంది, టైలర్ దగ్గర ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు. మా కుర్చీ మాత్రం తాళం వేసిన ఆమె గేటు పక్కనే ఉంది. దాన్ని ఇంట్లోకి తేబోతే, "ఉండనియ్యి" అన్నాడు ఆయన. తర్వాత, "సంచి తే. పచ్చిమిర్చి లెవ్వు" అన్నాడు.

నేను మరిదికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఎందుకని అతనడిగాడు. బజారుకు పోవాలి, తర్వాత మాట్లాడతానన్నాను.

పోయాం. ఆయనకు తోడు ఎవరూ అక్కర్లేదని కాదు, నేనున్నాను. కానీ ప్రతి గడప దగ్గరా ఆగి, ఆ సగం మూతితో, "బజారుకు పోతున్న. ఏమన్న కావాల్నా?" అని అడిగింది ఆయనే.

తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. చివరి మజిలీకి చేరాలని ఆయన కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. చూస్తే, టీచరమ్మ గేటు పక్క మా కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఆత్మకూర్ వైపు నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్ముకునే ముసలమ్మ. ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని, చెప్పులు విప్పేసి, తల గేటుకు ఆనించి నిద్రపోతోంది. నేను ఆయన మొహం చూశాను. చెమటలు కారుతున్నాయి, మోకాలు వణుకుతోంది. లేపుదామని ముందుకు పోయాను.

"లేపకు" అన్నాడు.

పచ్చిమిర్చి సంచి నా చేతికిచ్చి, ఎడమ చేత్తో టీచరమ్మ గేటు పట్టుకున్నాడు. ఆ ముసలమ్మ తనంతట తాను లేచేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.